ఆ తల్లి గుహలో కాపురం పెట్టింది

గుహలోకి దిగితే ఏం కనబడతాయి? రాళ్లు, నీళ్లు, మహా అయితే గబ్బిలాలు. కానీ 1993లో ఉక్రెయిన్ పశ్చిమ భాగంలో ఓ గుహలోకి దిగిన అమెరికన్ క్రిస్ నికోలాకి పాత చెప్పు కనబడింది. చొక్కా గుండీలు కనబడ్డాయి. ఇంకాస్త లోపలికి వెళితే రాళ్లు పేర్చి కట్టిన గోడలు. ఆ పక్కనే తిరగలి రాయి!

తిరగలి ఉందంటే ఎవరో పిండి విసురుకున్నారన్నమాట. పిండి విసురుకున్నారంటే పొయ్యి వెలిగించారు, వండుకున్నారు, తిన్నారు. ఓ పూట తలదాచుకుందామని వచ్చినవాళ్లు తిరగలి మోసుకురారు కదా! వెలుతురన్నది చొరబడని ఆ చోట ఎవరో కాపురమే పెట్టారు. ఎవరు వాళ్లు? ఎప్పుడు? ఆఖరికి ఏమయ్యారు?

నికోలాది న్యూయార్క్. గుహలు తిరగటం ఆయనకి సరదా. తన పెద్దల మూలాలు ఉక్రెయిన్‌లో ఉన్నాయి కాబట్టి అటు వెళ్లాడు. అక్కడి గుహల బృందాలకి ఈ వస్తువుల సంగతి ముందే తెలుసు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లని అడిగితే 'యుద్ధంలో యూదులెవరో అందులో దాక్కున్నారని చెప్పుకుంటారు' అన్నారే తప్ప, వాళ్లు బతికారో పోయారో ఎవరూ చెప్పలేకపోయారు. మరొకరైతే ఇంటికెళ్లి మర్చిపోయేవారేమో. ఆయన మర్చిపోలేదు. దాదాపు పదేళ్లు వాకబు చేస్తూనే ఉన్నాడు. ఆఖరికి 2002లో జవాబు దొరికింది. ఎక్కడనుకున్నారు? తను ఉంటున్న న్యూయార్క్‌లోనే! ఆ గుహలో బతికిన మనిషి ఒకాయన అదే నగరంలో ఉంటున్నాడు. ఆయన ద్వారా మిగతావాళ్ల ఆచూకీ తెలిసింది. ఎక్కువమంది కెనడాలో, మాంట్రియల్‌లో ఉన్నారు.

విచిత్రం ఏమిటంటే, నికోలా పదేళ్లు వెతికిన కథ అప్పటికే అచ్చయి ఉంది. 1975లో. పుస్తకం పేరు 'వుయ్ ఫైట్ టు సర్వైవ్'. అంటే, బతకటానికే మా పోరాటం అని. రాసింది రచయిత్రి కాదు, చరిత్రకారిణీ కాదు. ఆ గుహలో కాపురం నడిపిన ఇల్లాలు ఎస్తేర్ స్టెర్మర్. ఆరుగురు బిడ్డల తల్లి. ఆవిడ రాసిపెట్టింది సరే, లోకం కంట పడటానికి మాత్రం గుహలో చెప్పు కనబడాల్సి వచ్చింది!

అటు పొమ్మంటే ఇటు

ఎస్తేర్‌ది కొరొలూవ్కా అనే ఊరు. ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉంది కానీ అప్పట్లో పోలండ్‌లో ఉండేది. భర్త జైదా వర్తకం చేసేవాడు. ఊళ్లో పేరున్న కుటుంబం. ఆవిడ సంగతి చెప్పాలంటే మాట కరుకు, పట్టుదల ఎక్కువ. ఇంట్లో ఆవిడ మాటే చెల్లుబాటు.

1939 సెప్టెంబరులో హిట్లర్ సైన్యం పశ్చిమం నుంచి, సోవియట్ సైన్యం తూర్పు నుంచి వచ్చి పోలండ్‌ని చెరిసగం పంచుకున్నాయి. కొరొలూవ్కా సోవియట్ల వాటాలో పడింది. 1941 జూన్ 22న జర్మనీ సోవియట్ యూనియన్ మీదే విరుచుకుపడింది. కొద్ది రోజుల్లో ఈ ఊరు నాజీల చేతుల్లోకి వెళ్లిపోయింది.

ఆ తర్వాత జరిగినదంతా 'పద్ధతి ప్రకారం' జరిగింది. యూదులు పేర్లు నమోదు చేయించుకోవాలి. గుర్తు కట్టుకు తిరగాలి. చెప్పిన పేటకి ఇల్లు మార్చాలి. చెప్పిన రోజున చెప్పిన చోటికి చేరాలి. అక్కడి నుంచి రైలు. ఆ ప్రాంతపు రైళ్లు చాలావరకు బెల్జెక్ అనే చోటుకి వెళ్లేవి. అది పని చేయించే శిబిరం కాదు, విషవాయువుతో చంపే చోటు. ఈ సంగతి తెలియక, ఆర్డరు పాటిస్తే ప్రాణాలు దక్కుతాయేమోనన్న ఆశతో సంచి సర్దుకుని వెళ్లినవాళ్లు లక్షల్లో ఉన్నారు. వాళ్లది అమాయకత్వం అనటానికి మనకి నోరు రాకూడదు. సర్కారు కాగితం మీద రాసి పంపింది, పాటిద్దాం అనుకోవటం మనం కూడా చేసే పనే.

ఎస్తేర్ మాత్రం అలా అనుకోలేదు. వాళ్లు అటు పొమ్మంటే మనం ఇటు పోవాలన్నదే ఆవిడ సూత్రం. పిల్లలకి నూరిపోసింది కూడా అదే. పెద్దగా రాజకీయాలు తెలిసి కాదు. తన బిడ్డల్ని ఎక్కడికో రమ్మంటున్న మనిషి ముఖం చూసి తల్లి తీసుకున్న నిర్ణయమది.

1942 శరదృతువులో, యూదుల పంటల పండుగ రోజుల్లో జర్మన్లు ఊరి మీద పడ్డారు. చాలామందిని చంపారు, చాలామందిని తరలించారు. ఇక ఊళ్లో ఉంటే చావేనని తేలిపోయింది. పెద్ద కొడుకు నిస్సెల్‌ని పిలిచి ఎక్కడైనా సరే దాక్కునే చోటు చూసి రమ్మంది తల్లి. కుర్రాడు వెతికి వెతికి ఓ గుహ చూశాడు. దాని పేరు వెర్తెబా.

మొదటి గుహ

వెర్తెబా ఊరివాళ్లకి కొత్త కాదు. బిల్చె-జొలొతె అనే ఊరి దగ్గరుంది. వేల ఏళ్ల కిందటి ఆదిమానవుల కుండలు, ఎముకలు దొరికిన ప్రసిద్ధమైన చోటు. 1942 అక్టోబరులో ఓ రాత్రి స్టెర్మర్లు, వాళ్ల చుట్టాలు, తెలిసిన మరికొన్ని కుటుంబాలు మోయగలిగినంత సరుకు భుజానేసుకుని అందులో దిగారు.

అసలు ఇబ్బందులు అప్పుడు మొదలయ్యాయి. ఆ గుహలో నీళ్లు లేవు. కప్పు నుంచి చుక్క చుక్కగా కారే నీటికి గిన్నెలు పెట్టి పట్టుకున్నారు. ఇంటిల్లిపాదికీ చుక్కల నీళ్లతో వంట చెయ్యటమంటే... కొళాయి దగ్గర బిందెల వరసలో గంటలు నిలబడ్డవాళ్లకి కూడా ఊహకందని విషయం. పొయ్యి వెలిగిస్తే పొగ బయటికి పోయే దారి లేదు. ఊపిరాడక ప్రాణాల మీదికొచ్చిన రోజులున్నాయి. పోనీ వండకుండా ఉందామా అంటే పసిపిల్లలున్నారు.

పైగా అందరికీ తెలిసిన గుహ. ఎప్పటికైనా పట్టుబడక తప్పదని వాళ్లకి తెలుసు. అందుకే మగవాళ్లు వెనక వైపు నుంచి ఇంకో దారి తవ్వి ఉంచారు. ఆ తవ్వకమే తర్వాత ప్రాణాలు నిలబెట్టింది.

1943 వసంతంలో అనుకున్నంతా అయింది. జర్మన్లు గుహలోకి వచ్చేశారు. చీకట్లో టార్చిలైట్లు, తుపాకులు. నిద్రలో ఉన్నవాళ్లు చెల్లాచెదురయ్యారు. అప్పుడు ఎస్తేర్ ముందుకొచ్చి సైనికుల ఎదుట నిలబడింది. సరే దొరికాం, మేం ఇక్కడ ఎలుకల్లా బతికినంత మాత్రాన మీ ఫ్యూరర్ యుద్ధం ఓడిపోతాడా అన్న అర్థం వచ్చేలా వాళ్లనే నిలదీసింది. సైనికులు ఆవిడ మాటలు వింటూ నిలబడ్డ ఆ కాస్త సేపట్లో, వెనక చీకట్లో చాలామంది తవ్వి ఉంచిన దారిలోంచి పాక్కుంటూ పోయారు.

ఆవిడ కావాలనే మాటల్లో పెట్టిందా, లేక కడుపు మంటతో నోటికొచ్చింది అనేసిందా? రెండూ అయ్యుండొచ్చు. మొత్తానికి ఆవిడా బయటపడింది. అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. పట్టుబడ్డవాళ్లలో తిరిగి రానివాళ్లూ ఉన్నారు. న్యూయార్క్‌లో నికోలాకి దొరికిన మనిషి తల్లిని పోగొట్టుకున్నది ఆ దాడిలోనే.

పాదిరి గారి గొయ్యి

కొన్ని వారాలు గడ్డివాముల్లో, పాకల్లో దాక్కున్నారు. ఒక్కో రాత్రీ ఒక్కో గండం. అప్పుడు ఆదుకున్నవాడు మున్‌కో. అతను యూదుడు కాదు. అడవి పని చేసుకునే స్నేహితుడు. ఊరి పాదిరి గారి పొలాల్లో ఒక గొయ్యి ఉందని, రైతులు చచ్చిన పశువుల్ని అందులో పారేస్తుంటారని, అటు ఎవరూ పోరని చెప్పాడు. 'పొపొవా యామా' అంటారు దాన్ని. అంటే పాదిరి గొయ్యి.

నిస్సెల్, తమ్ముడు షులిమ్, మరికొందరు కుర్రాళ్లు కొవ్వొత్తులు పట్టుకుని అందులో దిగారు. కుళ్లు కంపు దాటి, బురదలో పొట్టతో పాకి, ఇరుకు సందులోంచి అవతలికి వెళ్లేసరికి గది లాంటి ఖాళీ చోటు. దాన్ని దాటితే ఇంకోటి. ఇంకాస్త లోపలికి వెళితే... నీళ్లు! పెద్ద మడుగు. తాగటానికి పనికొచ్చే మంచినీళ్లు. వెర్తెబాలో చుక్కలు పట్టుకు తాగినవాళ్లకి ఆ మడుగు చూస్తే ఏమనిపించి ఉంటుందో వేరే చెప్పాలా?

దానికి ఇప్పుడు ఓజెర్నా గుహ అని పేరు. జిప్సం రాతిలో నీళ్లు తొలిచిన సొరంగాల చిక్కుముడి అది. తర్వాతి కాలంలో కొలిస్తే 120 కిలోమీటర్లకు పైగా తేలింది. ప్రపంచంలోని పొడవైన గుహల్లో ఒకటి. మన బెలూం గుహలు మూడు కిలోమీటర్ల పైచిలుకు. అందులో దీపాల మధ్య నడిచినా కాసేపటికి బయటికెప్పుడు పోదామా అనిపిస్తుంది!

1943 మే 5న 38 మంది అందులో దిగారు. అందరికన్నా పెద్ద ఒక 75 ఏళ్ల ముసలమ్మ. చిన్నవాళ్లు ఇంకా మాటలు సరిగా రాని పసివాళ్లు. దగ్గరున్న తిండి కొద్ది రోజులకి మించి రాదు. ఎన్నాళ్లుండాలో తెలియదు.

ఇల్లు ఎలా నడిచిందంటే

సాహసగాథల్లో సాధారణంగా తుపాకులు, తప్పించుకోవటాలు ఉంటాయి. ఈ కథలో అవీ ఉన్నాయి. కానీ ఆ 38 మందీ బతికింది తుపాకులతో కాదు. ఇల్లు నడిపే తెలివితో. నాకు ఈ కథలో నచ్చిందీ, మనమంతా చదవాలనిపించిందీ ఆ భాగమే.

గుహలో ఏడాది పొడుగునా చలి ఒక్కటే తీరు. 10 డిగ్రీల దగ్గర. గాల్లో తడి ఎంతంటే బట్ట ఆరదు. తడి బట్ట ఒంటి మీద ఉంటే మనిషి నీరసించిపోతాడు. కాబట్టి ఒళ్లు పొడిగా ఉంచుకోవాలి, కలిసి పడుకోవాలి, ఊరికే తిరగకూడదు. పడుకోవటానికి కర్రలతో మంచాలు చేసుకున్నారు. రాళ్లు పేర్చి గోడలు కట్టుకున్నారు. నేల చదును చేసుకుని మెట్లు చెక్కుకున్నారు. మరుగుకి దూరంగా వేరే చోటు పెట్టుకున్నారు. పొయ్యి ఎక్కడ పెడితే పొగ రాతి నెర్రెల్లోంచి పైకి లాగేస్తుందో చూసుకుని అక్కడే పెట్టారు. వెర్తెబాలో నేర్చుకున్న పాఠం మరి!

దీపం రోజు మొత్తంలో కొద్దిసేపే. నూనె, కొవ్వొత్తులు బంగారంతో సమానం. వంటకి, తిండికి, తప్పనిసరి పనికి వెలిగించి ఆర్పేసేవారు. మిగతా వేళంతా చీకటే. ఆ చీకట్లో రోజుకి 22 గంటల దాకా నిద్రపోయిన సందర్భాలు ఉన్నాయట. సోమరితనం అనుకునేరు. పడుకుంటే ఆకలి తగ్గుతుంది, ఒంట్లో వేడి నిలుస్తుంది. తిన్న నాలుగు మెతుకులు నాలుగు కాలాలు ఉంటాయి.

రాత్రిళ్లు మగవాళ్లు, పెద్ద కుర్రాళ్లు బయటికెళ్లి కట్టెలు కొట్టుకొచ్చేవారు. మున్‌కో ద్వారా సరుకు కొనేవారు. డబ్బు చాలనప్పుడు పొలాల్లోంచి బంగాళాదుంపలు తవ్వి తెచ్చేవారు. దొంగతనమే. ఒప్పుకుని చెప్పారు. తెచ్చిన గింజల్ని తిరగలిలో వేసి పిండి చేసుకునేవారు. నికోలా చూసిన తిరగలి అదే. అంత బరువైన రాయిని ఆ ఇరుకు సందులోంచి లోపలికి చేర్చారంటే చూడండి!

మగవాళ్లు ప్రాణాలకు తెగించి బయటికెళ్లారు. నిజమే. కానీ వాళ్లు అప్పుడప్పుడైనా చుక్కల్ని చూశారు, గాలి పీల్చారు. ఆడవాళ్లలో, పిల్లల్లో చాలామంది దిగిన రోజు నుంచి వచ్చేసే రోజు దాకా ఒక్కసారి కూడా పైకి రాలేదు. వెళ్లినవాడు తిరిగొచ్చేదాకా చీకట్లో కూచుని అడుగుల చప్పుడు కోసం చెవులు రిక్కించటమే వాళ్ల వంతు. లోపల ఏడ్చే పిల్లని ఊరుకోబెట్టాలి. ఉన్న పిండి ఎన్నాళ్లకి సర్దాలో లెక్క వేయాలి. ఎవరి ముద్ద పెద్దదైందని మాటా మాటా రాకుండా చూడాలి. ఒకే కప్పు కింద పది రోజులు నాలుగు కుటుంబాలు పెళ్లికని కలిసి ఉంటేనే ఎన్ని అలకలో మనకి తెలుసు. ఇక్కడ 38 మంది, ఏడాది!

గుహలో ఒంటరిగా గడిపి రికార్డులు సాధించినవాళ్లు ఉన్నారు. ఫ్రాన్స్ శాస్త్రవేత్త మిషెల్ సిఫ్ర్ 1972లో అమెరికాలోని టెక్సాస్‌లో 205 రోజులు భూమి కింద గడిపాడు. స్పెయిన్‌కి చెందిన బియాట్రిజ్ ఫ్లామినీ అనే ఆవిడ 500 రోజుల గుహవాసం ముగించి 2023 ఏప్రిల్‌లో బయటికొచ్చింది. ఆషామాషీ విషయాలు కావు. కానీ వాళ్లని పైనుంచి కనిపెట్టుకుని ఉండే మనుషులున్నారు, దీపాలున్నాయి. అన్నిటికన్నా ముఖ్యం, ఇక చాలు అనుకుంటే బయటికొచ్చే వీలుంది. స్టెర్మర్లకి బయటికొస్తే చావు. అదీ తేడా.

అందుకేనేమో, చీకటంటే వాళ్లకి భయం వెయ్యలేదట. దయ్యాలూ భూతాలూ ఉన్నది పైన, లోపల కాదు అనుకునేవారట.

మట్టి కప్పేశారు

1943 వేసవిలో ఓ రోజు గుహ నోరు మూసుకుపోయింది. మూసింది జర్మన్లు కాదు, ఊరివాళ్లే. లోపల ఎవరో ఉన్నారని పసిగట్టి మట్టీ దుంగలూ వేసి పూడ్చేశారు. లోపలున్నవాళ్లని చంపటానికి తుపాకీ గుండు కూడా దండగ అనుకున్నట్టు!

లోపల 38 మంది. ఉన్న తిండి తగ్గిపోతోంది. మగవాళ్లు ఇంకో వైపు నుంచి పైకి తవ్వటం మొదలెట్టారు. చీకట్లో, మీద పడే మట్టిలో, పై నేల ఎంత మందమో తెలియకుండా. రోజుల తరబడి తవ్వాక గడ్డి వేళ్లు, ఆ తర్వాత గాలి తగిలాయి.

మరోసారి సరుకుతో తిరిగొస్తున్నవాళ్ల మీద గుహ నోటి దగ్గరే స్థానిక పోలీసులు తుపాకులు పేల్చారు. ఎలాగో లోపలికి దూరి బతికారు. ఆ తర్వాత పోలీసులు లోపలికి మాత్రం రాలేదు. తెలియని చీకట్లోకి దిగటానికి తుపాకీ ఉన్నవాడికీ భయమే.

ఆ ఊళ్లలో పూడ్చినవాళ్లూ ఉన్నారు, పట్టించినవాళ్లూ ఉన్నారు. అదే ఊళ్లలో మున్‌కో ఉన్నాడు. యూదులకి సాయం చేసి పట్టుబడితే ఇంటిల్లిపాదినీ కాల్చేసే రోజులవి. అయినా అతను తిండి అందించాడు, కబురు అందించాడు, ఎవరికీ చెప్పలేదు. వీళ్లంతా ఒకే సంతకి వెళ్లే మనుషులు, ఒకే చర్చికి వెళ్లే మనుషులు. ఒకరు అలా ఎందుకయ్యారు, ఇంకొకరు ఇలా ఎందుకున్నారు అంటే నా దగ్గర జవాబు లేదు.

సీసాలో కబురు

1944 ఏప్రిల్ మొదట్లో గుహ నోటి దగ్గర ఒక సీసా పడింది. అందులో చీటీ ఉంది. జర్మన్లు వెళ్లిపోయారని. వెంటనే నమ్మలేదు వాళ్లు. నమ్మి మోసపోయినవాళ్లని ఎంతమందిని చూశారో కదా! ఇంకొన్ని రోజులు ఆగి, ఏప్రిల్ 12న ఒక్కొక్కరుగా పైకొచ్చారు. 344 రోజులు. వెర్తెబాలో గడిపినవి కూడా కలుపుకుంటే 511.

పైన ఇంకా మంచు కరగలేదు. ఒంటి నిండా పసుప్పచ్చ బురద, పీక్కుపోయిన ముఖాలు. సగం బరువు తగ్గినట్టున్న మనుషులు కళ్లు తెరవలేక చేతులు అడ్డం పెట్టుకున్నారు. ఒకళ్ల ముఖం ఒకళ్లు పగటి వెలుతురులో చూసుకుని దాదాపు ఏడాది.

వాళ్లలో నాలుగేళ్ల పిల్ల ఒకతె ఉంది. ఆ దీపం ఆర్పెయ్యమని వాళ్లమ్మతో మారాం చేసింది. కళ్లు మండిపోతున్నాయి పాపం. అది దీపం కాదు, సూర్యుడు. సూర్యుడనేవాడు ఒకడుంటాడని ఆ పిల్ల మర్చిపోయింది!

ఊరికి తిరిగెళ్లారు. వాళ్లవాళ్లు దాదాపు ఎవరూ మిగల్లేదు. తమని పూడ్చినవాళ్ల మధ్య మళ్లీ కాపురం పెట్టే ధైర్యం లేదు, ఇష్టమూ లేదు. జర్మనీలోని కాందిశీకుల శిబిరంలో కొంతకాలం ఉండి, 1947లో కెనడా చేరారు. అక్కడే స్థిరపడ్డారు.

ఆవిడ ఎందుకు రాసింది

యుద్ధంలో దాక్కున్న యూదు కుటుంబం అనగానే మనకి గుర్తొచ్చేది ఆన్ ఫ్రాంక్. స్కూల్లో చదువుకున్నాం, పిల్లల చేత చదివించాం. ఆమ్‌స్టర్‌డామ్‌లో ఓ మేడ వెనక గదుల్లో ఎనిమిది మంది రెండేళ్లు దాక్కున్నారు. స్టెర్మర్లు గుహలోంచి బయటపడిన నాలుగు నెలలకి, 1944 ఆగస్టు 4న, ఆన్ కుటుంబం పట్టుబడింది. ఎనిమిది మందిలో ప్రాణాలతో తిరిగొచ్చింది ఒక్క తండ్రి. ఆయనే 1947లో కూతురి డైరీ అచ్చువేయించాడు.

ఆ డైరీ రాస్తున్నప్పుడు ఆన్‌కి ముగింపు తెలియదు. పదమూడేళ్ల పిల్ల గా మొదలెట్టి, రేపటి మీద ఆశతో రాసుకుంది. చదివే మనకి ముగింపు తెలుసు. అందుకే ఆ పుస్తకం మనల్ని ఏడిపిస్తుంది. ఎస్తేర్ రాత అలాంటిది కాదు. అన్నీ అయిపోయాక, మనవల్ని చూసుకున్నాక, పరాయి దేశంలో కూచుని ఓ పెద్దావిడ చెప్పుకొచ్చిన కథ. ఇందులో కన్నీళ్లకన్నా కోపం ఎక్కువ. పుస్తకం పేరే చూడండి. 'బతికిపోయాం' అనలేదు. బతకటానికి పోరాడుతున్నాం అంది.

యూదులు గొర్రెల్లా వెళ్లి చచ్చిపోయారని యుద్ధం తర్వాత లోకంలో ఓ మాట పుట్టింది. తుపాకీ పట్టిన గెరిల్లాలకి తప్ప మిగతావాళ్లకి ఆ నింద తప్పలేదు. నీళ్ల మడుగు వెతకటం, పొగకి దారి చూడటం, పిండి కొలిచి పంచటం, పసిపిల్లని ఏడవకుండా ఉంచటం... ఇవి పోరాటం కాదా అని ఎస్తేర్ పుస్తకం అడుగుతున్నట్టు నాకనిపించింది. ఇంటి పనిని ఎవరూ లెక్కలో వేయరని మనం అనుకుంటూనే ఉంటాం. యుద్ధం లెక్కల్లో కూడా వేయలేదన్నమాట!

ఒక మాట మాత్రం చెప్పుకోవాలి. అది ఒక ఇంటి యజమానురాలు తన ఇంటి గురించి రాసుకున్న కథ. గుహలో ఉన్నది ఒక్క స్టెర్మర్లే కాదు. డోడిక్ కుటుంబం ఉంది, ఇంకొన్ని ఉన్నాయి. వాళ్లింటి ఇల్లాలు కలం పట్టి ఉంటే ఎస్తేర్ గారి పెత్తనం గురించి మరో రకంగా రాసేదేమో! ఎవరూ రాయలేదు కాబట్టి మనకి ఆవిడ మాటే మిగిలింది. రాసినవాళ్ల వైపు నుంచే చరిత్ర తెలుస్తుందనేది ఇక్కడా నిజమే. అలాగని ఆవిడ రాయకపోయి ఉంటే? ఓ పాత చెప్పు, నాలుగు గుండీలు, ఒక తిరగలి. అంతే మిగిలేది.

నికోలా వెతుకులాట ఫలించాక ఈ కథ మళ్లీ వెలుగులోకొచ్చింది. 2004లో నేషనల్ జియోగ్రాఫిక్ వాళ్ల 'అడ్వెంచర్' పత్రిక పెద్ద వ్యాసం వేసింది. 2007లో నికోలా, పీటర్ లేన్ టేలర్ కలిసి పుస్తకం తెచ్చారు. 2012లో జానెట్ టోబియాస్ అనే దర్శకురాలు 'నో ప్లేస్ ఆన్ ఎర్త్' పేరుతో డాక్యుమెంటరీ సినిమా తీసింది. దాంట్లో కథ నడిచేది చాలావరకు ఎస్తేర్ రాసిన పుస్తకం ఆధారంగానే.

ఆ సినిమా కోసం 2010లో ఎస్తేర్ కొడుకులు ఇద్దరు, డోడిక్ వారి అమ్మాయిలు ఇద్దరు మళ్లీ ఉక్రెయిన్ వెళ్లారు. అందరూ తాతలు, అమ్మమ్మలు అయిపోయారు. వెంట మనవలున్నారు. పైన పొలాల్లో ఎండ కాస్తోంది. ఒకప్పుడు ఎవరూ చూడకుండా పాక్కుంటూ దూరిన ఆ గొయ్యిలోకి ఈసారి తలకి హెల్మెట్లు, దీపాలు తగిలించుకుని, మనవల చేయి పట్టుకుని నెమ్మదిగా దిగారు. సూర్యుణ్ని ఆర్పెయ్యమన్న పిల్ల కూడా వాళ్లలో ఉంది.